గాలపు వేట - ఇంటి మాట

ఎరిక్ బరోన్ ఒంటరిగా రూపొందించి 2016లో వెలువరించిన ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ అను సేద్యపు ఆట మన యిండ్ల పిల్లలకును ప్రియమైనది. అందు గాలముతో పెనగులాడ నక్కరలేదు. పీతల బుట్టలో ఎర వేసి నీట నుంచిన, మఱునాటికి పట్టు సిద్ధము. ఈ నిదానమును మేము నిందింపము. కాని పన్నెండు భాషలు నేర్చిన యా ఆటకు తెలుగు రాదు. కణ్మాయి నిండిననాడు పిల్లలు విరాల్ అని పిలుచునది కొరమేనని ఎవరు చెప్పవలెను? పెద్దలే ప్రక్కన గూర్చుండి ఎర, వల, జెల్ల, వాలుగ అను మాటలను పలికింపవలెను. 2019లో ఆటకు చేర్చిన చేపల కొలనులో సైతము, నడుమ నడుమ చేపలు కోరినది ఈయకున్న వాని సంఖ్య పెరుగుట ఆగిపోవును. ఇంటి భాషయు నట్టిదే.