కోడెను కట్టేసి వెళ్లిపోతారా?

హైదరాబాద్ నుంచి మూడు క్షేత్రాల యాత్ర అని బయల్దేరే బస్సుల వరస ఎప్పుడూ ఒకటే. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు. కొండగట్టు అంజన్నకు కొబ్బరికాయ. ధర్మపురిలో గోదావరి స్నానం, నరసింహస్వామి దర్శనం. మధ్యలో ఎక్కడో చెట్టు నీడన పులిహోర పొట్లాలు. తెల్లారకముందే బయల్దేరితే అర్ధరాత్రికి ఇంట్లో ఉంటారు. భక్తికి ఇది చాలు. తప్పు పట్టాల్సిందేమీ లేదు.

పేచీ ఎక్కడంటే, దీన్నే చరిత్ర, సంస్కృతి యాత్ర అన్నప్పుడు. ఎందుకంటే ఆ బస్సు కిటికీ పక్క నుంచి రెండు వేల ఏళ్లు జారిపోతుంటాయి. డ్రైవర్ ఆపడు. ఆపమని అడిగేవాళ్లుండరు. ఆపినా చెప్పేవాళ్లు లేరు. మనవాళ్లే ఢిల్లీ, ఆగ్రా, జైపూర్ ప్యాకేజీలకు వెళ్తే మెడలో కార్డు వేసుకున్న గైడ్ వెంటపడి మరీ తిప్పుతాడు. తాజ్‌మహల్ కట్టిన కూలీల చేతులు నరికించారన్న కథ చెబుతాడు. చరిత్రకారులు దాన్ని ఒప్పుకోరు. అయినా మనం నోరు తెరుచుకుని వింటాం, ఊరొచ్చి పదిమందికి చెబుతాం. అబద్ధమైనా సరే, అక్కడ చెప్పేవాడు ఉన్నాడు. ఇక్కడ నిజం చెప్పడానికి కూడా లేడు.

ఈసారి హైదరాబాద్ నుంచి కాకుండా రుద్రంగి నుంచి లెక్క వేద్దాం. రుద్రంగి అనగానే చాలామందికి 2023లో వచ్చిన సినిమా గుర్తొస్తుంది. దొరల కాలం కథకు ఈ ఊరి పేరు పెట్టుకున్నారు. ఊరు మాత్రం వేములవాడ - కోరుట్ల దారిలో గుట్టల నడుమ ఉంటుంది. ఒకప్పుడు చందుర్తి మండలంలో భాగం. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో మండల కేంద్రమైంది. దక్షిణానికి వెళ్తే వేములవాడ, ఉత్తరానికి దిగితే కోరుట్ల. ఇటు చెరువులు, బావులు, బోర్ల మీద నెట్టుకొచ్చే మెట్ట సేద్యం. గుట్టలు దాటి కోరుట్ల, జగిత్యాల వైపు వెళ్లేసరికి శ్రీరాంసాగర్ కాలువ నీళ్లు, వరి, పసుపు, మామిడి తోటలు. ఇంకాస్త పోతే గోదావరి. ఒక్క పూట ప్రయాణంలో నేల ఇన్ని రంగులు మార్చే చోట్లు మనకు ఎన్నో లేవు.

ఈ చుట్టుపక్కల ఊళ్లలో గల్ఫ్‌కు వెళ్లొచ్చిన మనిషి లేని వాడకట్టు దొరకడం కష్టం. బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లని ఠక్కున చెప్పే పిల్లలు ఉన్నారు. పంపన ఎవరో అడిగి చూడండి.

పంపన కన్నడ ఆదికవి. ఆయన 'విక్రమార్జున విజయం' రాసింది 941 ప్రాంతంలో. ఎవరి కొలువులో? వేములవాడను రాజధాని చేసుకుని ఏలిన చాళుక్య రాజు రెండో అరికేసరి కొలువులో. భారత కథలో అర్జునుణ్ని తన ప్రభువుతో పోల్చి రాశాడు. కన్నడిగులు తమ సాహిత్యానికి మొదటి మెట్టుగా చెప్పుకునే కావ్యానికి వేదికైన ఊళ్లో మనం కోడెను కట్టేసి వచ్చేస్తున్నామన్నమాట. ఈ వంశంలోనే బద్దెగ అనే రాజు 42 యుద్ధాలు గెలిచాడని శాసనాలు పొగిడాయి. ఆయన పేరిట వెలసిన బద్దెగేశ్వరమే నేటి భీమేశ్వరాలయం అంటారు చరిత్రకారులు. అదే వేములవాడలో జైన బసది ఉండేదని, దానికో ఊరిని దానమిచ్చారని 966 నాటి పర్భణి తామ్రశాసనం చెబుతుంది. శివుడి ఊరు, జినుడి ఊరు ఒక్కటే. క్యూలో గంటలకొద్దీ నిలబడే జనానికి ఈ ముచ్చట ఎవరైనా చెబితే ఎంత కాలక్షేపం!

వేములవాడ దాటి కరీంనగర్ వైపు కదిలితే చరిత్ర సంగతి అలా ఉంచి నేలే కొత్తగా ఉంటుంది. మధ్య మానేరు జలాశయం నిండాక కొదురుపాక, అనుపురం, సంకెపల్లి, రుద్రవరం లాంటి ఊళ్ల పాత చోట్లు నీళ్ల కిందికి పోయాయి. వరదవెల్లి దత్తాత్రేయుడి గుట్ట చుట్టూ నీరు చేరి దీవి అయింది. ఫొటోలకు బాగుంటుంది. ఆ నీళ్ల అడుగున ఎవరి ఇల్లు ఎక్కడుండేదో చెప్పగలిగే మనుషులు పునరావాస కాలనీల్లో ఉన్నారు. ఇంకో ముప్పై ఏళ్లకు వాళ్లూ ఉండరు.

ఎలగందుల కోట గురించి ఎక్కువ చెప్పను. 1905 వరకు జిల్లా కేంద్రం అదే. తర్వాతే కరీంనగర్‌కు మారింది. 1754లో జాఫరుద్దౌలా కట్టించిన జంట మినార్లలో ఒకదాన్ని ఊపితే రెండోది ఊగుతుందన్న పేరుంది. ఆ పేరు వల్లే కొంతమందైనా వెళ్తున్నారు.

అసలు ఆగాల్సిన చోటు ముందుంది. కరీంనగర్ నుంచి జగిత్యాల రోడ్డు పట్టుకుంటే గంగాధర మండలం వస్తుంది. అక్కడ కురిక్యాల. ఊరి దగ్గర బొమ్మలగుట్ట. స్థానికులు బొమ్మలమ్మ గుట్ట అంటారు. కరీంనగర్ మీదుగా కొండగట్టుకు పోయే ప్రతి బస్సూ ఆ పక్క నుంచే పోతుంది.

గుట్ట బండ మీద చక్రేశ్వరి దేవి, తీర్థంకరుల బొమ్మలు చెక్కి ఉంటాయి. వాటి కింద ఒక శాసనం. పదకొండు పంక్తులు. వేయించినవాడు జినవల్లభుడు, పంపనకు తమ్ముడు. కాలం 945 ప్రాంతం. సంస్కృతం, కన్నడం, తెలుగు... మూడు భాషల్లో రాయించాడు. తెలుగు భాగంలో కంద పద్యాలున్నాయి. నన్నయ భారతానికి సుమారు వందేళ్ల ముందే, ఒక గుట్ట మీద, లక్షణంగా గణాలు సరిపోయే కందం! తెలుగుకు ప్రాచీన భాష హోదా కోసం జరిగిన వాదనలో ఈ శాసనం గట్టి సాక్ష్యాల్లో ఒకటి. 2008లో హోదా వచ్చింది. పత్రికల్లో సంబరాలు జరిగాయి. సాక్షి మాత్రం ఎండకు ఎండి వానకు తడుస్తూ అక్కడే ఉంది.

ఆ శాసనంలో ఇంకా ఏముందో చూడండి. అన్నదమ్ముల వంశం వేంగినాడులోని వంగిపర్రుకు చెందినదట. తండ్రి పేరు, తల్లి పేరు ఉన్నాయి. జినవల్లభుడు ఇక్కడ త్రిభువన తిలకమనే బసది కట్టించాడు. ఒక చెరువు తవ్వించి దానికి 'కవితాగుణార్ణవం' అని పేరు పెట్టాడు. అది అన్న పంపన బిరుదు. మదనవిలాసమని ఒక తోట వేయించాడు. అన్న పేరు మీద చెరువు తవ్వించిన తమ్ముడు! ఇలాంటి ఒక్క సంగతి చెబితే చాలు, బస్సులో కునుకు తీస్తున్నవాళ్లు కూడా లేచి కూర్చుంటారు. శాసనం చదవడం అందరి వల్లా కాదు. చదివినవాళ్లు చెప్పాలి. అందుకే గైడ్.

ఇదే గంగాధరలో సోమదేవసూరి అనే జైన పండితుడు 959లో 'యశస్తిలక చంపువు' ముగించాడని పండితులు గుర్తించారు. అంటే ఇరవై ఏళ్ల వ్యవధిలో, ఒక చిన్న రాజ్యంలో, కన్నడ మహాకావ్యం, తెలుగు కందం, సంస్కృత చంపువు మూడూ పుట్టాయి. ఇది చెప్పుకోకుండా మనం చెప్పుకునేదేమిటంటే, కరీంనగర్ గ్రానైట్ చైనా దాకా పోతుందని. గుట్టలు కరిగిపోతున్న జిల్లా ఇది. ఆ తవ్వకాల సెగ బొమ్మలగుట్ట దాకా వచ్చినప్పుడు సాహిత్యాభిమానులు, స్థానికులు గొడవ చేయబట్టి మిగిలింది. ఎప్పుడూ ఎవరో గొడవ చేయాల్సిందేనా? రోజుకు నాలుగు బస్సులు ఆగే గుట్ట జోలికి ఎవరూ అంత తేలిగ్గా రారు. యాత్రికుడు టికెట్ కొనేవాడే కాదు, కాపలాదారు కూడా.

జగిత్యాలలో నక్షత్రం ఆకారంలో కోట ఉంది. చుట్టూ కందకం. 1747లో కట్టారు. కట్టిన ఇద్దరు విదేశీ ఇంజినీర్ల పేర్లు జాక్, తాల్ అని, ఆ రెండూ కలిసి జగిత్యాల అయిందని ఓ కథ ప్రచారంలో ఉంది. వినడానికి సరదాగా ఉంటుంది. నమ్మాలని మాత్రం నాకు అనిపించలేదు. మంచి గైడ్ ఈ కథ దాచడు. చెప్పి, ఇది కథ అని కూడా చెబుతాడు.

ఈ ఊళ్లో రాజుల ముచ్చటతో ఆగితే కుదరదు కూడా. 1978 సెప్టెంబర్ 7న వేలాది రైతు కూలీలు జగిత్యాలకు కదిలివచ్చారు. జగిత్యాల జైత్రయాత్ర అన్నది దాన్నే. మరుసటి నెలలోనే ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొరల గడీలు, వెట్టి, పాలేర్ల జీతాలు... ఇవేవీ తెలియకుండా ఈ పల్లెల మీదుగా వెళ్తే కనిపించేది పచ్చని పొలాలే. పెద్దవాళ్లు బతికున్నారు, అడిగితే చెబుతారు. యూరప్‌లో కొన్ని నగరాల్లో గైడ్లు కోటలతో పాటు సమ్మెలు జరిగిన వీధులు కూడా చూపిస్తారు. మనకేం సిగ్గు?

పక్కనే పొలాస. ఇప్పుడు వ్యవసాయ పరిశోధన స్థానం వల్ల రైతులకు తెలుసు. కాకతీయుల కాలంలో మేడరాజు ఏలిన పొలవాస ఇదే. రుద్రదేవుడు అతన్ని ఓడించిన సంగతి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో, 1163లో, రాయించుకున్నాడు. సమ్మక్క ఈ పొలవాస మేడరాజు బిడ్డ అని జనం చెప్పుకునే కథ. మేడారం జాతరకు కోట్లమంది వెళ్తారు. ఆ తల్లి పుట్టింటి ఊరు పక్క నుంచే ధర్మపురి బస్సు హారన్ కొట్టుకుంటూ పోతుంది.

ధర్మపురి చేరాక గోదావరి. నరసింహ శతకం రాసిన శేషప్ప కవి ఈ ఊరివాడే. తెలుగునాట పలకాబలపం పట్టిన తరాలెన్నో ఆయన మకుటం పుణ్యమా అని ధర్మపురి పేరు వల్లె వేశాయి. ఆలయ ప్రాంగణంలో యముడికి కూడా గుడి ఉంది. ఇక్కడి నుంచి బస్సులు వెనక్కి తిరుగుతాయి. తిరగకూడదు. గోదావరి వెంట కిందికి, వెల్గటూరు వైపు వెళ్తే పెద్దవాగు కలిసేచోట కోటిలింగాల ఉంది.

కోటిలింగాలలో దొరికిన నాణేల మీద 'చిముక సాతవాహన' పేరు ఉంది. పురాణాలు శాతవాహన వంశానికి మూలపురుషుడని చెప్పిన సిముకుడే అతను. ఆ నాణేలు సేకరించినవాడు ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ. చదివి లోకానికి చెప్పినవాడు పండితుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి. వాటితోపాటు గోబద, నారన, సమగోప లాంటి, అంతకుముందు పెద్దగా వినని పాలకుల పేర్లూ బయటపడ్డాయి. పురావస్తు శాఖ తవ్వకాలు జరిపితే ఇటుక కట్టడాలు, బావులు వెలుగు చూశాయి. శాతవాహనుల పుట్టుక ఇక్కడా, పైఠాన్ వైపా అన్న చర్చ ఇంకా ఉంది. అయితే ఆ చర్చలో తెలంగాణ పక్షాన కూర్చోబెట్టింది మాత్రం ఈ చిన్న నాణేలే. ఇటువంటి పనికి జీతం ఇచ్చినవాళ్లు లేరు. ఠాకూర్ రాజారాం సింగ్ లాంటివారు జిల్లా అంతటా పాత దిబ్బల జాడ తీశారు. మన చరిత్రకు తొలి గైడ్లు వీళ్లు.

ఇప్పుడు ఆ దిబ్బలో చాలా భాగం ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనుక జలాల్లో ఉంది. పొలాలకూ పట్టణాలకూ నీళ్లు అవసరమే, కాదనను. కానీ మునిగే ముందు పూర్తిగా తవ్వి చూసుకోవాల్సింది. శాతవాహనుల పేరుతో కరీంనగర్‌లో యూనివర్సిటీ పెట్టుకున్నాం, వాళ్ల ఊరిని నీళ్లకు వదిలేశాం. మిగిలింది కోటేశ్వరస్వామి గుడి, ఒడ్డు, ఒడ్డున పెంకులు.

పర్యాటకం అనగానే అధికారులకు బోటు షికారు, కాటేజీలు, పేరు రాసిన పెద్ద అక్షరాల ముందు సెల్ఫీ పాయింట్ గుర్తొస్తాయి. బోటు కంటే ముందు నోరున్న మనిషి కావాలి. ఊరూరా రిటైరైన తెలుగు మాస్టార్లు ఉన్నారు, డిగ్రీ చేసి గల్ఫ్ వీసా కోసం ఎదురుచూసే కుర్రాళ్లున్నారు. ఇద్దరినీ ఒక మూడు నెలలు కలిపి కూర్చోబెడితే వేములవాడకో మనిషి, కురిక్యాలకో మనిషి, కోటిలింగాలకో మనిషి తయారవుతారు. దీనికి వందల కోట్లు అక్కర్లేదు. గడువు కూడా ఉంది. 2003లో, 2015లో వచ్చిన గోదావరి పుష్కరాలు 2027లో మళ్లీ వస్తాయి. ధర్మపురికీ, కోటిలింగాలకూ జనం పోటెత్తుతారు. స్నానఘట్టాలకు టెండర్లు పిలిచినప్పుడే ఈ లెక్క కూడా వేసుకోవచ్చు.

అప్పటిదాకా వెళ్లాలనుకునేవాళ్లు సొంతంగా వెళ్లాల్సిందే. ఒక్కరోజులో కాదు, రెండు రోజులు పెట్టుకోండి. బొమ్మలగుట్టకు పొద్దున్నే వెళ్లండి. బండ వేడెక్కకముందే ఎక్కి దిగొచ్చు, ఏటవాలు ఎండలో అక్షరాలు తేరి కనిపిస్తాయి. సున్నం, సుద్ద పూసి ఫొటో తీయకండి. నీళ్ల సీసా మరవకండి, ఖాళీదాన్ని అక్కడ వదలకండి. కోటిలింగాలకు ఎండాకాలం వెళ్తే నీరు తగ్గి ఒడ్డు కాస్త ఎక్కువ బయటపడుతుంది. పిల్లలు ఎర్ర పెంకు ముక్క ఏదైనా ఏరితే చేతిలో పెట్టుకుని చూడనివ్వండి. ఆ మట్టిని తొక్కి, కుండ చేసి, కాల్చిన మనిషి గురించి చెప్పండి. చూశాక మళ్లీ అక్కడే పెట్టించండి.