కారుకు గండిపేట నీళ్ళు

మా నాన్న కారును అమ్మేద్దామని మొన్న వేసవిలో దాదాపు నిశ్చయించుకున్నాను. అమ్మడమంటే పెద్దమాట, తూకానికి ఇచ్చేయడం. కార్వాన్‌లో మా వీధి మొగలో పాత ఇనుము కొనే ఆయన రోజూ నాకు నమస్కారం పెట్టేవాడు. ఆ నమస్కారం నాకు కాదనీ, నా వెనకాల నుంచున్న బండికనీ తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది.

ఇంట్లో ఫియట్ అంటాం గాని, కాగితాల్లో దాని పేరు ప్రీమియర్ పద్మిని. నాన్న దానికోసం పేరు నమోదు చేయించుకుని, ఎదురుచూసి ఎదురుచూసి 1986లో తెచ్చారు. అప్పుడు నాకు అయిదేళ్ళు. పురానాపూల్ దగ్గర్నించి ఇంటిదాకా ముందు సీటు మీద నిలబడే వచ్చానట. నాన్న పోయాక అది నా పాలబడింది. పదిహేనేళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి గదా, ఆ గడువూ దగ్గర పడింది. "ఉంచుతారా, తీసేస్తారా, ఏదో ఒకటి తేల్చండి" అని మా ఆవిడ. "తీసేయండి నాన్నా" అని మా అబ్బాయి. పంచ్‌చెట్టు కింద పార్కింగు చోటు వాడి మోటారు సైకిలుకు కావాలి!

తెలుగు మేష్టరుకు ఇంజను గొడవ దేనికని మీరు అడగవచ్చు. నేనూ నలభై ఏళ్ళు అలాగే అనుకున్నాను. ఇప్పుడు తెలిసిన నాలుగు ముక్కలూ చెబుతాను, చిత్తగించండి.

ఇది 1089 సి.సి. ఇంజను. నాలుగు సిలిండర్లు. ఒక్కొక్క దాని వ్యాసం 68 మిల్లీమీటర్లు, అందులో పిస్టను కిందికీ పైకీ నడిచే దూరం 75. అంటే ఒక్కో సిలిండరులో పట్టేది పావులీటరు మీద కాస్త; మనం మజ్జిగ తాగే పెద్ద గ్లాసన్నమాట. నాలుగు గ్లాసులు కలిసి ఇచ్చే బలం నలభై గుర్రాలకు అటూ ఇటూ. గాలీ పెట్రోలూ కలిపిన మిశ్రమాన్ని పీల్చడం, నొక్కడం, మండించడం, పొగ వదలడం, ఇంతే దాని దినచర్య. మంటలు మాత్రం ఒకటి, మూడు, నాలుగు, రెండు అనే వరసలో పడాలి. వరస తప్పిందా, యతి తప్పిన పద్యంలాగా మూడడుగులు నడిచి కుంటుతుంది.

దీని పూర్వీకుడు ఇటలీలో ఫియట్ కంపెనీ 1937లో తెచ్చిన 1100 కారు ఇంజను. అప్పుడూ ఇదే 68, ఇదే 75. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ కంపెనీ బొంబాయి కుర్లాలో ఈ కార్లు చేసేది. 1964లో వచ్చిన డిలైట్ అనే రూపమే పేర్లు మార్చుకుంటూ 1974లో పద్మిని అయింది. చిత్తోడు రాణి పేరది. ఈ శతాబ్ది మొదట్లో తయారీ ఆగింది. బొంబాయిలో టాక్సీలుగా మిగిలిన వాటిలో చివరిదానికి 2003లో రిజిస్ట్రేషనయితే, అక్కడి ఇరవయ్యేళ్ళ నిబంధన ప్రకారం 2023 అక్టోబరులో అదీ రోడ్డు దిగింది.

ఇక మా కథ. మే నెల, మధ్యాహ్నం రెండున్నర. కూరగాయల సంచులతో నేనూ, మా ఆవిడా పురానాపూల్ మీదుగా వస్తున్నాం. టోలీ మసీదు దాటగానే కారు దగ్గి, ఆగింది. ఆ మసీదు 1671 నాటిది. దాన్ని తీరిగ్గా చూసే అవకాశం మాకు ఎన్నడూ రాలేదు, ఆవేళ వచ్చింది.

పాత బండి నడిపిన వాళ్ళందరికీ ఈ జబ్బు తెలుసు. దీని పెట్రోలు పంపు ఇంజను పక్కనే బిగించి ఉంటుంది. ఇంజను తిరిగితేనే అదీ ఆడుతుంది, ట్యాంకులోంచి పెట్రోలు లాగుతుంది. ఎండా, ఇంజను వేడీ, ట్రాఫిక్కులో నత్తనడకా మూడూ కలిస్తే పంపులోనూ గొట్టంలోనూ ఉన్న పెట్రోలు మరిగి ఆవిరవుతుంది. పంపు ద్రవాన్ని లాగగలదు గాని ఆవిరిని లాగలేదు. దాంతో కార్బురేటరు ఎండిపోతుంది. ఇప్పటి కార్లలో పంపు ట్యాంకులోనే ఉండి ఒత్తిడితో ముందుకు నెడుతుంది గనక వాటికి ఈ బాధ లేదు. మనకున్న మందు ఒకటే, తడిగుడ్డ. మా ఆవిడ కొత్త తువ్వాలు తడిపి పంపు మీద కప్పాను. పావుగంటకు కారు కదిలింది. తువ్వాలు సంగతి ఆవిడ ఆవేళ ఏమీ అనలేదు.

ఇది జబ్బులో చిన్నది. పెద్దది వారం తిరక్కుండా వచ్చింది. ముందు మూత కిందినుంచి పొగలు! నేను పరుగెత్తి రేడియేటరు మూత విప్పబోయాను. పక్కన దుకాణం కుర్రవాడు చెయ్యి పట్టుకుని ఆపకపోతే ఈ వ్యాసం రాసే చెయ్యి ఉండేది కాదు. లోపలి నీళ్ళు ఒత్తిడి మీద నూరు డిగ్రీలు దాటి కూడా మరగకుండా ఉంటాయట. మూత తీయగానే ఒక్కసారిగా మరిగి మీదికి ఎగజిమ్ముతాయట. ఇంజను చల్లారేదాకా దాని జోలికి పోరాదు.

ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసికెళ్ళాం. వాళ్ళు అయిదు నిమిషాలు చూసి, ఇంజను మొత్తం విప్పాలనీ, అయ్యే ఖర్చు కారు ఖరీదు కంటే ఎక్కువనీ, అమ్ముకోవడం మేలనీ చెప్పారు. నేను పాత ఇనుము ఆయన దగ్గరికి బయల్దేరాను కూడా. దారిలో, నాన్న ఎప్పుడూ వెళ్ళే ఉస్తాద్ దుకాణం తీసి ఉంది. డెబ్భై దాటిన మనిషి. సరే, చివరిసారి చూపిద్దామనుకున్నాను.

ఆయన ఆయిలు పుల్ల బయటికి లాగి నా ముందు పెట్టాడు. నల్లగా ఉండవలసిన ఆయిలు పాల మీగడలా ఉంది. చల్లారిన ఇంజను మూత తీసి స్టార్టు చేయించాడు. రేడియేటరులో బుడగలు! "గాస్కిట్ పోయింది సార్. ఇంజను మంచిగనే ఉంది."

ఇంజను కింది దిమ్మ పోత ఇనుము, పై హెడ్డు అల్యూమినియం. వేడికి రెండూ ఒకే తీరున సాగవు. మధ్యనున్న పలచటి గాస్కిట్టే ఈ ఇద్దరినీ కాపురం చేయిస్తుంది. వేడి మితిమీరితే హెడ్డు వంగుతుంది, గాస్కిట్ చిరుగుతుంది, నీళ్ళు ఆయిలులో కలుస్తాయి.

"వేడెందుకు ఎక్కింది ఉస్తాద్?" అన్నాను.

"దీన్ల ఏం నీళ్ళు పోస్తున్నరు సార్?"

"ఇంట్లో నీళ్ళే."

"ఇంట్ల ఏ నీళ్ళు?"

బోరు నీళ్ళు. నాన్న పోయిన దగ్గర్నించీ పైపు పెట్టి బోరు నీళ్ళే పోస్తున్నాను. ఉస్తాద్ రేడియేటరు విప్పించి, సన్నటి గొట్టాల్లోంచి తెల్లటి పెచ్చులు రాల్చాడు. నీళ్ళు కాచే గిన్నె అడుగున పేరుకుంటుందే, అదే సున్నం. సగం గొట్టాలు మూసుకుపోయాయి. "పెద్దసారు ఆసిఫ్‌నగర్ నుంచొచ్చే గండిపేట నీళ్ళే డబ్బాల పట్టి పోస్తుండె. బోరు నీళ్ళు ముట్టకపోతుండె" అన్నాడు. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదు వదలడంటారు. కారుకు కూడా ఆ రుచి మరిగించారని నాకు తెలియదు. నాన్న ఎందుకు చెప్పలేదా అని ఇంటికొచ్చి ఆలోచించాను. చెప్పే ఉంటారు, నేను విని ఉండను.

హెడ్డు లేతుకు పంపి చదును చేయించాడు. కొత్త గాస్కిట్ వేసి, నట్లు నడిమివి ముందూ, చివరివి తరవాతా, మూడు విడతల్లో బిగించాడు. ఎవరో ఎప్పుడో పీకి పారేసిన థర్మోస్టాటు మళ్ళీ పెట్టాడు. అది లేకపోతే వేడెక్కదని మెకానిక్కులు పీకేస్తారు గాని, ఇంజను తగినంత వెచ్చబడక పెట్రోలు ఎక్కువ తాగి, సిలిండరు గోడల మీది ఆయిలును కడిగేసుకుంటుంది. చోకు లాగి మరిచిపోయేవాళ్ళకూ ఇదే ఫలితం. నేనూ ఆ జాతివాణ్ణే. పాయింట్లు రుద్ది, ఖాళీ సరిచేశాడు. పెట్రోలు గొట్టాలూ, పంపులోని పొరా కొత్తరకం రబ్బరువి వేశాడు. 2025 నాటికి మన పెట్రోలులో అయిదో వంతు ఇథనాలు చేరింది గదా, పాతకాలం రబ్బరు దానికి మెత్తబడి చిట్లుతుందట. పైగా ఇథనాలు తేమను పీల్చుకుంటుంది, అంచేత నెలల తరబడి కదలకుండా ట్యాంకు నింపి ఉంచవద్దన్నాడు.

అంతా కలిపి అయిన ఖర్చు వర్క్‌షాపువాళ్ళు చెప్పినదానిలో నాలుగో వంతు కూడా లేదు. మొత్తం మా ఆవిడకు చెప్పలేదనుకోండి.

రిజిస్ట్రేషను పొడిగింపుకు దరఖాస్తు పెట్టాను. ఇప్పుడు నల్లా వచ్చే రోజున తెల్లవారుజామున లేచి, ఇంటికి బిందెలూ, కారుకు ఒక డబ్బా పడుతున్నాను. అందులో కూలెంటు కలపాలని ఉస్తాద్ ఆజ్ఞ. బిందెలకంటే ముందు డబ్బా పట్టానని మా ఆవిడ మూడు రోజుల్నించీ మాట్లాడటం లేదు. తువ్వాలు సంగతి కూడా అప్పుడే బయటికొచ్చింది.