అడవి అంటుకుంటే ఆర్పే చేతులెవరివి?

మార్చి నెలలో గోపన్‌పల్లి తండా ఫ్లైఓవర్ మీద నుంచి చూస్తే ఒక పక్క అద్దాల టవర్లు, ఇంకో పక్క ఎండిన గడ్డి, పొదలు, బండరాళ్లు కనిపిస్తాయి. ఎండలు ముదిరాక ఆ గడ్డి ఎక్కడో ఒకచోట అంటుకుంటుంది. పొగ అపార్ట్‌మెంట్ల దాకా వస్తే కిటికీలు మూస్తారు, ఎయిర్ ప్యూరిఫయర్ వేస్తారు, కాలనీ వాట్సాప్ గ్రూపులో ఫిర్యాదు పెడతారు. ఎవరు అంటించారన్న ప్రశ్నకు జవాబు ముందే తయారుగా ఉంటుంది. గుడిసెలోళ్లు, గొర్ల కాపర్లు, బీడీ తాగే కూలోళ్లు. ఆ మంట ఎవరి దగ్గరికి ముందు చేరుతుందని మాత్రం ఎవరూ అడగరు. ఆ టవర్లు కట్టే కూలీలు టార్పాలిన్ కప్పుకుని, రేకులు నిలబెట్టుకుని ఉండేది అలాంటి ఖాళీ జాగాల అంచునే. నిప్పురవ్వ పడితే అద్దం అంటుకోదు, టార్పాలిన్ అంటుకుంటుంది.

గోపన్‌పల్లి పేరు చాలామంది విద్యార్థులు 2025 వసంతంలో కొత్తగా విన్నారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ 2004లో 534 ఎకరాల 28 గుంటలు ప్రభుత్వానికి అప్పగించిందనీ, బదులుగా గోపన్‌పల్లిలో 36, 37 సర్వే నంబర్లలో 397 ఎకరాల 16 గుంటలు తీసుకుందనీ రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. అప్పగించిన భూమిలోని 400 ఎకరాలే కంచ గచ్చిబౌలి. ఐఎంజీ భారత అనే కంపెనీకి చంద్రబాబు ప్రభుత్వం ఇచ్చిన ఆ భూమిని 2006లో వైఎస్ ప్రభుత్వం రద్దు చేసింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2024 మేలో రాష్ట్రానికి అనుకూలంగా ముగిసింది. 2025 మార్చి 30న బుల్డోజర్లు దిగాయి, విద్యార్థుల్ని పోలీసులు ఈడ్చుకెళ్లారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపేయమంది. అప్పటికే దాదాపు వంద ఎకరాల చెట్లు పోయాయి.

ఆ పోరాటంలో జింకల గురించి, నెమళ్ల గురించి, నక్షత్ర తాబేళ్ల గురించి చాలా మాట్లాడాం. మాట్లాడాల్సిందే. కానీ 'కంచ' అన్న మాట దగ్గర ఎంతమంది ఆగారు? కంచ అంటే పశువుల మేత కోసం వదిలిన భూమి. గొర్లు, బర్లు తిరిగే బీడు, వంటచెరుకు ఏరుకునే చోటు, భూమిలేని కుటుంబానికి ఒక్కటే దిక్కు. ప్రభుత్వం దాన్ని అడవి కాదంది, పర్యావరణవాదులు అడవేనన్నారు. ఇద్దరి మాటల్లోనూ దాని మీద బతికిన మనుషుల ఊసు తక్కువ.

అడవా, కాదా అన్నది మాటల గొడవ అనుకోవద్దు. 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, కాగితం మీద ఎవరి పేరున ఉన్నా సరే, నిఘంటువు అర్థంలో అడవి అయితే అది అడవేనని చెప్పింది. అయినా రెవెన్యూ రికార్డులో ప్రభుత్వ భూమిగా, పడావుగా రాసిన చోట అటవీశాఖకు ఫైర్ లైను కొట్టే పని ఉండదు, వాచర్‌ను పెట్టే పద్దు ఉండదు. అలాంటి చోట మంట లేస్తే అది బిల్డింగుల దాకా వచ్చిందా లేదా అన్నదే లెక్క. కాలి నల్లబడిన నేల ఆ తర్వాత ఇంకా సులువుగా 'పనికిరాని బీడు' అవుతుంది. పనికిరాని బీడుకు వేలంపాటలో మంచి ధర పలుకుతుంది.

ఇక అడవి అని ఒప్పుకున్న చోటికి వెళ్దాం. నల్లమలలో ఫిబ్రవరి నుంచి మే దాకా నిప్పుల కాలం. ఆకు రాలి, బోదగడ్డి ఎండి, గాలి తిరిగాక ఒక రవ్వ చాలు. భారత అటవీ సర్వే నివేదిక ప్రకారం 2023-24 సీజన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 18 వేలకు పైగా, తెలంగాణలో 13 వేలకు పైగా మంటల్ని ఉపగ్రహాలు గుర్తించాయి. దేశంలో మొదటి స్థానంలో ఉన్న ఉత్తరాఖండ్‌లో 21 వేల పైచిలుకు. టీవీలో హిమాలయాల మంటలు చూసి అయ్యో అనుకునే మనకు మన పక్కన కాలేది కనబడదు.

ఉపగ్రహం పని బాగానే చేస్తుంది. అది పైనుంచి వెళ్తూ వేడి చుక్కను పసిగడుతుంది, డెహ్రాడూన్ నుంచి బీట్ ఆఫీసర్ ఫోన్‌కు ఎస్ఎంఎస్ వస్తుంది. అక్కడితో టెక్నాలజీ అయిపోతుంది. ఆ చుక్క దగ్గరికి నడిచి వెళ్లేది మనిషి. గుట్ట ఎక్కి, దారి లేని చోట దారి చేసుకుని, పచ్చి కొమ్మలు విరిచి మంటను కొట్టేది మనిషి. బ్లోయర్లు వచ్చాయి గానీ వాటిని భుజాన మోసేది కూడా అదే మనిషి. ఆయన పర్మనెంట్ ఉద్యోగి కాదు. సీజన్‌కు తీసుకుని వానలు పడగానే పంపేసే ఫైర్ వాచర్. అమ్రాబాద్ వైపు ఆయన చెంచు కావచ్చు, లంబాడీ కావచ్చు, అడవి అంచు ఊళ్లోని మాదిగ, మాల కుటుంబం నుంచి వచ్చిన కూలీ కావచ్చు. ఈ నేల తెలిసినవాళ్లు కాబట్టి తీసుకుంటాం అంటారు. నిజమే. మరి అంత నైపుణ్యం ఉన్నవాళ్లకు ఉద్యోగం ఎందుకు ఇవ్వరు? డ్రైనేజీలో దిగే పనికి కూడా ఇదే మర్యాద చూస్తున్నాం కదా. పని తెలిసినోళ్లు అంటూ దించుతారు, చనిపోతే మా రోల్‌లో లేడంటారు.

చనిపోవడం ఊహ కాదు. 2020 ఫిబ్రవరి 16న కేరళలోని త్రిశూర్ జిల్లా కొట్టంబత్తూర్‌లో మంటలు ఆర్పుతూ ముగ్గురు వాచర్లు కాలిపోయారు. 2024 జూన్ 13న ఉత్తరాఖండ్‌లోని బిన్సర్ అభయారణ్యంలో మంట చుట్టుముట్టి నలుగురు సిబ్బంది చనిపోయారు. గాలి ఒక్కసారి దిక్కు మారిందంటే లోయ నుంచి మంట పైకి మనిషికన్నా వేగంగా ఎక్కుతుంది. కాటన్ చొక్కా, రబ్బరు చెప్పులతో ఉన్నవాడికి పారిపోయే దారి ఉండదు.

ఈ ఏర్పాటు ఎక్కడి నుంచి వచ్చింది? 1927 నాటి భారత అటవీ చట్టంలో 79వ సెక్షన్ చదవండి. అడవిలో ఏదైనా హక్కు అనుభవించేవారు, ఫలసాయం తెచ్చుకునే అనుమతి ఉన్నవారు మంట కనబడితే సమాచారం ఇవ్వాలి, అధికారి అడిగినా అడగకపోయినా ఆర్పడానికి పూనుకోవాలి. చెయ్యకపోతే జైలు, జరిమానా. కూలి సంగతి ఆ సెక్షన్‌లో లేదు. పుల్లలు ఏరుకోనిచ్చాం కాబట్టి మా టేకును కాపాడు అన్న ఇంగ్లీషు దొర లెక్క అది. మన ఊళ్లలో దీనికి ఒక పాత పేరుంది, వెట్టి. ఊరి చావు కబురు మోయడం, డప్పు కొట్టడం, కళేబరం ఎత్తడం ఏ తర్కంతో ఒక కులం మీద పడ్డాయో, అడవి మంట ఆర్పడం కూడా అదే తర్కంతో కొందరి మీద పడింది. ఇప్పుడు కూలి ఇస్తున్నారు, అంతే తేడా. అదీ నెల నెలా అందితే.

నిందలోనూ అదే వరస. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాల్చారనీ, తునికాకు బాగా చిగురించాలని నిప్పు పెట్టారనీ ప్రతి ఏడాదీ వింటాం. కొంత నిజం ఉంది, దాచాల్సిన పని లేదు. కానీ తునికాకు చిగురు వల్ల ఎక్కువ లాభపడేది కట్టకు లెక్కగట్టి కూలి తీసుకునే ఆడవాళ్లా, బస్తాలు ఎత్తుకెళ్లే కాంట్రాక్టరా? కేసు ఎవరి మీద పడుతుంది? నగరానికి వస్తే ఇదే కథ ఇంకో వేషంలో ఉంది. బహిరంగంగా చెత్త కాలిస్తే 5 వేలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25 వేలు జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబర్‌లో చెప్పింది. రాలిన ఆకు ఊడ్చేది ఎక్కువగా దళిత ఆడవాళ్లు. ఎత్తుకెళ్లే బండి రాకపోతే ఆ కుప్ప వాళ్ల నెత్తి మీదే. ఉంచితే సూపర్‌వైజర్ తిడతాడు, అంటిస్తే జరిమానా.

కాలిపోయిన దానికి విలువ కట్టేటప్పుడు ఈ తేడా రూపాయల్లో కనిపిస్తుంది. 2022-26 కాలానికి విపత్తు సహాయ నిధి నిబంధనల్లో అగ్నిప్రమాదం కూడా ఉంది. గుడిసె కాలిపోతే 8 వేల రూపాయలు. బట్టలకు 2,500, వంటపాత్రలకు 2,500. గోపన్‌పల్లి చుట్టుపక్కల ఒక గది అద్దె ఎంతో తెలిసినవాళ్లకు ఆ 8 వేలు ఎన్నాళ్లు వస్తాయో చెప్పక్కర్లేదు. అవి అందాలన్నా ఇక్కడి రేషన్ కార్డో, ఆధార్‌లో ఇక్కడి చిరునామానో చూపించమంటారు. వలస కూలీ కార్డు పాలమూరులోనో, ఒడిశాలోనో, బీహార్‌లోనో ఉంటుంది. 2022 మార్చి 23న బోయిగూడ తుక్కు గోదాములో 11 మంది బీహార్ కూలీలు కాలి చనిపోయారు. పని చేసే చోటే పైన పడుకున్నారు, దిగడానికి సన్నని మెట్లు ఒక్కటే. నగరం వాళ్లకు ఇచ్చిన చిరునామా అది.

అడవిలో అయితే పరిహారం పద్దే లేదు. పంటకు, పశువుకు, చేపల వలకు, చేతివృత్తుల పనిముట్లకు నిబంధనల్లో గళ్లున్నాయి. ఇప్పపువ్వుకు, జిగురుకు, తేనెకు గడి లేదు. ఒక గుట్ట కాలితే చెంచు కుటుంబానికి ఆ ఏడాది సంతలో అమ్ముకునే సరుకు పోతుంది. దాన్ని ఎవరూ నష్టం కింద రాయరు.

ఇది మన దగ్గరే ఉందనుకుంటే పొరపాటు. 2025 జనవరి 7న లాస్ ఏంజెలెస్ దగ్గర ఈటన్ మంటలు లేచినప్పుడు ఆల్టడీనా తూర్పు భాగానికి ఖాళీ చెయ్యమన్న హెచ్చరిక ఆ సాయంత్రమే వెళ్లింది. నల్లజాతి కుటుంబాలు తరాలుగా ఇళ్లు కట్టుకున్న పశ్చిమ భాగానికి తెల్లవారుజామున మూడు దాటాక గానీ వెళ్లలేదు. మరణాల్లో దాదాపు అన్నీ పశ్చిమ భాగంలోనే. అప్పుడు మంటలు ఆర్పిన వాళ్లలో తొమ్మిది వందల మందికి పైగా ఖైదీలు. వాళ్లకు రోజు కూలి 5.80 నుంచి 10.24 డాలర్లు, అత్యవసర సమయంలో గంటకు ఒక డాలర్ అదనం. గొడవ చేశాక ఆ ఏడాది అక్టోబర్‌లో మంటల మీద పనిచేసినప్పుడు గంటకు 7.25 డాలర్లు ఇవ్వాలని కాలిఫోర్నియా చట్టం చేసింది. అక్కడ ఖైదీలెందరో, వాళ్ల జాతి ఏమిటో, కూలి ఎంతో లెక్కలో ఉంది కాబట్టే గొడవ చెయ్యగలిగారు. మన ఫైర్ వాచర్లలో ఎస్సీలు ఎందరు, ఎస్టీలు ఎందరు అన్న లెక్క మంటల నివేదికల్లో కనిపించదు. చుక్కల లెక్క ఉంటుంది, చదరపు కిలోమీటర్ల లెక్క ఉంటుంది.

చట్టంలో దారి లేక కాదు. 2006 అటవీ హక్కుల చట్టం 3(1)(i) కింద సామూహిక అటవీ వనరును కాపాడే, నిర్వహించే హక్కు గ్రామసభది. 5వ సెక్షన్ ఆ అధికారాన్ని ఇంకా గట్టిగా చెబుతుంది. ఆ హక్కు పత్రం చేతిలో ఉంటే ఎక్కడ ఫైర్ లైను కొట్టాలో, ఎప్పుడు చిన్న మంటతో పెద్ద మంటను తప్పించాలో గ్రామసభ నిర్ణయిస్తుంది, డబ్బు గ్రామసభకే రావాలని అడుగుతుంది. లేకపోతే కూలీలుగా పిలుస్తారు, కూలీలుగా పంపుతారు. ఇందులో దళితులకు ఇంకో ముడి ఉంది. ఎస్టీలు కానివాళ్లు 'ఇతర సంప్రదాయ అటవీ నివాసులు'గా హక్కు అడగాలంటే 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడ ఉన్నట్టు చూపాలి. వెట్టి చేసిన తాతకు పట్టా ఎవరిచ్చారు, రశీదు ఎవరిచ్చారు? అడవి అంచున తరాలుగా బతికిన మాదిగ కుటుంబం వాచర్‌గా మంటలోకి వెళ్లడానికి ఏ రుజువూ అక్కర్లేదు. హక్కుకు మాత్రం 75 ఏళ్ల కాగితం కావాలి.

కంచ గచ్చిబౌలి కోసం రోడ్డెక్కిన విద్యార్థుల దగ్గర ఇప్పుడు మ్యాపులున్నాయి, లాయర్లున్నారు, సమాచార హక్కు దరఖాస్తు రాయడం వచ్చు. వచ్చే ఫిబ్రవరిలో వాచర్లను తీసుకునే ముందే జిల్లా అటవీ అధికారికి ఒక దరఖాస్తు వెయ్యొచ్చు. ఎంతమందిని తీసుకుంటున్నారు, రోజుకు ఎంత ఇస్తున్నారు, కిందటి సీజన్ బకాయి ఉందా, బూట్లు ఇచ్చారా, బీమా ఎవరి పేరున ఉంది, వాళ్లలో ఎస్సీ ఎస్టీలు ఎందరు. గోపన్‌పల్లి వైపు అయితే శేరిలింగంపల్లి మండల ఆఫీసులో అడగాల్సింది వేరే ఉంది. ఎన్ని గుడిసెలు కాలితే ఎందరికి ఆ 8 వేలు అందాయి, అందనివాళ్ల దరఖాస్తు మీద ఏమని రాశారు.