వకాలత్ మార్చుకోవడం

"ఫోను చేస్తే ఎత్తరు. ఆఫీసుకు వెళ్తే వాయిదా పడిందని గుమాస్తా చెబుతాడు." వారసత్వపు వాటా కోసమో, పిల్లల పోషణ కోసమో కోర్టుకెక్కిన సోదరీమణుల నోట ఈ మాట మేము తరచుగా వింటున్నాము.

వకాలత్ అరబీ నుండి వచ్చిన పదం. మన పనిని నమ్మి మరొకరికి అప్పగించడమని దాని అర్థం. అప్పగించినవారికి ఉపసంహరించుకునే హక్కూ ఉంటుంది. అయితే వకీలుకు ఆ సంగతి తెలియజేయాలని ఫిఖ్హ్ పండితులు అన్నారు. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ మరింత కచ్చితంగా ఉంటుంది. 3వ ఆర్డరు 4వ రూలు ప్రకారం కోర్టు అనుమతితో, సంతకం చేసిన కాగితం దాఖలైనప్పుడే వకాలత్ ముగుస్తుంది. కోపగించుకుని లేచి వచ్చినంత మాత్రాన ముగియదు.

ముందుగా తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ఫోను ఎత్తకపోవడం వేరు, కోర్టుకు హాజరు కాకపోవడం వేరు. కేసుకు ఉండే 16 అక్షరాంకెల సి.ఎన్.ఆర్. నంబరుతో ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదాలు, ఉత్తర్వులు ఉచితంగా చూడవచ్చు. ఇంట్లో చదువుకునే పిల్లలు క్షణాల్లో చూసిపెడతారు. వకీలు ప్రతి వాయిదాకు హాజరవుతుంటే అది మర్యాదకు సంబంధించిన లోపమే, కూర్చుని మాట్లాడుకోవచ్చు. హాజరు కాకపోతే మాత్రం ఆలస్యం ప్రమాదకరం. ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చిన పక్షంలో దాన్ని రద్దు చేయించుకోవడానికి సాధారణంగా ఉన్న గడువు 30 రోజులే.

రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో ఉత్తరం రాయండి. కేసు స్థితి, ఫైలు, "అభ్యంతరం లేదు" అన్న సంతకం అడగండి. ఆ సంతకం లేనిదే కొత్త వకీళ్లు సాధారణంగా కేసు తీసుకోరు. అది దొరకకపోతే కోర్టునే అనుమతి కోరాలి. ఫీజు బాకీ ఉందని ఫైలును అట్టిపెట్టుకునే హక్కు వకీలుకు లేదని సుప్రీంకోర్టు 2000లో తీర్పు చెప్పింది. అలాగని న్యాయంగా ఇవ్వవలసిన బాకీని మనం ఎగవేయరాదు.

వాయిదా దగ్గర పడినప్పుడు కొత్తవారు కుదరకముందే పాతవారిని తొలగించకండి. ఖర్చుకు భయపడే సోదరీమణులు తెలుసుకోవలసింది మరొకటుంది. 1987 నాటి చట్టం స్త్రీలకు ఆదాయ పరిమితి లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇస్తుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో గానీ, 15100 నంబరులో గానీ సంప్రదించవచ్చు.

బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు గానీ దానివల్ల కేసు ముందుకు కదలదు. ముందు ఫైలు తెచ్చుకోండి. నికాహ్‌నామా, దస్తావేజులు, రసీదుల అసళ్లు ఒక్కొక్కటీ లెక్క చూసుకుని, చేతికి వచ్చిన వాటికే సంతకం చేయండి.