ప్రమాదానికి రేటుంది, జాగ్రత్తకు ఏదీ?



హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. సుఖవ్యాధులకు మందులు ఉచితం. కండోమ్ కూడా ఉచితమే. ఉచితం కానిది ఒక్కటే: పెద్దాసుపత్రికి వెళ్లే ఆ రోజు. తెల్లారకుండా బస్సెక్కాలి. ఓపీ చీటీకి లైన్లో నిలబడాలి. రక్తం ఇచ్చి, కౌన్సెలర్ పిలిచేదాకా బెంచీ మీద కూర్చోవాలి. ఇల్లు చేరేసరికి దీపాలు పెడతారు. ఆడవాళ్లకు బస్సు టికెట్ లేకపోవచ్చు గానీ, మిరప కోతల్లో పోయిన కూలి ఎవరిస్తారు? "మీ ఆయన్నీ తీసుకురామ్మా" అంటే ఇంకో కూలి పోయినట్టే.

జాగ్రత్త పడేవారికి ఇంత నష్టం. మరి ప్రమాదానికి? దానికి బజార్లో రేటుంది. కండోమ్ వద్దనే కస్టమర్ నాలుగు నోట్లు ఎక్కువ చూపిస్తాడు. మెక్సికో సెక్స్ వర్కర్ల సంపాదనపై 2005లో వెలువడిన ఒక అధ్యయనం ఆ ఎక్కువ ఎంతో లెక్కగట్టింది: 23 శాతం. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజున ఆ డబ్బు కాదనమని గోడమీద నినాదం రాసి చేతులు దులుపుకుంటే చాలదు.

ఇది మన సమస్య కాదనుకోకండి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2023 అంచనాల ప్రకారం పెద్దవాళ్లలో హెచ్‌ఐవీ దేశం మొత్తం మీద 0.2 శాతం. తెలంగాణలో దానికి రెండింతలు, ఆంధ్రప్రదేశ్‌లో మూడింతలు.

మరి జాగ్రత్త పడినందుకు డబ్బిస్తే జనం వస్తారా? వచ్చారు. ఆఫ్రికాలోని మలావీ పల్లెల్లో ఇళ్లకు వెళ్లి పరీక్షలు చేసి, ఫలితం మాత్రం దగ్గర్లోని కేంద్రానికి వచ్చి తెలుసుకోమన్నారు. ఏమీ ఇవ్వనివాళ్లలో మూడోవంతు మందే వచ్చారు. చిన్న ఓచర్ ఇచ్చినచోట దాదాపు రెట్టింపు మంది వచ్చారు. టాంజానియాలో నాలుగు నెలలకోసారి పరీక్షించి, నయమయ్యే సుఖవ్యాధులు లేనివారికి 20 డాలర్లు ఇచ్చారు. ఏడాదికి ఆ వ్యాధులు 9 శాతం మందిలో కనిపించాయి. ఏమీ ఇవ్వనివారిలో 12 శాతం. పది డాలర్లిచ్చిన గుంపులో మాత్రం తేడా రాలేదు. అంటే ఫలితం కోసం రప్పించడానికి చిన్న మొత్తం చాలినా, జబ్బు రాకుండా చూసుకునేందుకు మొక్కుబడిగా విదిలిస్తే పని జరగదు.

"బుద్ధిగా ఉండటానికి లంచమా?" అంటారు కొందరు. 2005 నుంచి జననీ సురక్ష కింద ఆసుపత్రిలో కాన్పుకు డబ్బిస్తున్నాం. టీబీ రోగి తిండికి 2018 నుంచి నెలకు 500, ఇప్పుడు 1000 రూపాయలు ఖాతాలో వేస్తున్నాం. వాటిని ఎవరూ లంచం అనలేదు. పక్కవారికి జబ్బు అంటకుండా చూసుకునే మనిషికి పోయిన కూలి కట్టిస్తే అది లంచం ఎలా అవుతుంది?

అందుకే మన రెండు రాష్ట్ర ప్రభుత్వాలనూ అడుగుదాం:

1. పరీక్ష చేయించుకుని ఫలితం తీసుకున్నవారికి ఏడాదికి రెండుసార్లు ఒక రోజు కూలి ఇవ్వాలి. జంటగా వస్తే ఇద్దరికీ ఇవ్వాలి.

2. సుఖవ్యాధి బయటపడితే చికిత్స పూర్తిచేసిన రోజున మరో కూలి ఇవ్వాలి. ఒక్కరికే మందిచ్చి పంపితే జబ్బు మళ్లీ అదే ఇంటికొస్తుంది గనుక, భాగస్వామి చికిత్సకూ ఇవ్వాలి.

3. డబ్బు ఇచ్చేది వచ్చినందుకే గాని ఫలితానికి కాదు. టాంజానియా పద్ధతి మన ఊళ్లకు వద్దు. జబ్బు లేనివారికే డబ్బంటే, ఖాతాలో పడనివారి గురించి ఊరంతా టముకు వేసినట్టే.

4. బ్యాంకు మెసేజీలో జబ్బు పేరు గానీ, క్లినిక్ పేరు గానీ ఉండకూడదు. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు. డబ్బు పేరుతో ఆ సమ్మతిని గుంజకూడదు.

5. సెక్స్ వర్కర్లకు పొదుపు, అప్పు సదుపాయం కల్పించాలి. కోల్‌కతా సోనాగాఛీలో వారు 1995లోనే సొంత సహకార సంఘం పెట్టుకున్నారు. అవసరానికి అప్పు పుడితే కస్టమర్ బేరానికి "కుదరదు" అనే ధైర్యం వస్తుంది.

డబ్బుతోనే అన్నీ మారవు. కసురుకోని నర్సమ్మ కావాలి, గుట్టు దాచే కౌన్సెలర్ కావాలి. కానీ మనిషి గుమ్మం దాకా వస్తేనే కదా వారి మంచితనం అక్కరకొచ్చేది.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీల వేళకు రండి. ఏ జబ్బో రాయక్కర్లేదు. ఆసుపత్రికి వెళ్లిన రోజున మీకు పోయిన కూలి ఎంతో, ఆ ఒక్క అంకె రాసివ్వండి.