స్కోర్ చూసుకుంటే తగ్గదు.. అప్లై చేస్తేనే!

"బ్రో, సిబిల్ చెక్ చేసుకుంటే స్కోర్ తగ్గుతుందంట కదా?" మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఈ భయంతోనే చాలామంది తమ రిపోర్ట్ ఒక్కసారి కూడా తెరవరు. లోన్ యాప్‌లో ‘అప్లై’ బటన్ మాత్రం ధైర్యంగా నొక్కేస్తారు. అసలు భయపడాల్సింది అక్కడ!

మన రిపోర్ట్ మనం చూసుకుంటే అది సాఫ్ట్ ఎంక్వైరీ. ఎన్నిసార్లు చూసినా స్కోర్‌కి ఏమీ కాదు. లోన్‌కో, క్రెడిట్ కార్డుకో అప్లై చేసినప్పుడు బ్యాంకు రిపోర్ట్ తెప్పించుకుంటే అది హార్డ్ ఎంక్వైరీ. ఏ సంస్థ, ఏ రోజు, ఎంత అప్పు కోసం చూసిందో రిపోర్ట్‌లో నమోదవుతుంది. లోన్ వచ్చినా, రాకపోయినా సరే.

ఒక్క ఎంక్వైరీతో కొంపలేం మునగవు. 300 నుంచి 900 దాకా ఉండే స్కోర్‌లో తగ్గేది కొంచెమే. వరసగా పడితేనే చిక్కు. మా కొలీగ్ ఒకతను చెల్లి పెళ్లి కోసం ఒకే రాత్రి ఐదు యాప్‌ల్లో అప్లై చేశాడు. ఒక్క ఈఎంఐ కూడా ఎగ్గొట్టినవాడు కాదు. అయినా తర్వాత వెళ్లిన బ్యాంకులో మేనేజర్ మొదట అడిగింది, "ఇన్నిచోట్ల ఎందుకు అడిగావు బాబూ?" అని. వీడు వడ్డీ రేట్లు పోల్చుకుంటున్నాననుకున్నాడు. వాళ్లకేమో అప్పు కోసం అల్లాడుతున్నట్టు కనిపించింది.

అందుకే ముందు మీ రిపోర్ట్ మీరు చూసుకోండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్.. ఈ నాలుగూ ఏడాదికోసారి స్కోర్‌తో సహా పూర్తి రిపోర్ట్ ఉచితంగా ఇవ్వాలన్నది ఆర్‌బీఐ రూల్. అంటే మూడు నెలలకొకటి చూసుకోవచ్చు. తర్వాత వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు నోటితో అడిగి తెలుసుకోండి. "ఇప్పుడే నా రిపోర్ట్ తీస్తారా?" అని కూడా అడగండి. నచ్చిన ఒక్కచోటే అప్లై చేయండి. కాదంటే, కారణం తెలుసుకోకుండా ఇంకో బటన్ నొక్కొద్దు.

ఇంకో సంగతి. ఎంక్వైరీల్లో మీకు తెలియని సంస్థ పేరుంటే మీ పాన్‌తో ఎవరో అప్పుకి ప్రయత్నించి ఉండొచ్చు. ఏ సంస్థయినా రిపోర్ట్ చూస్తే మీకు ఎస్ఎంఎస్ లేదా ఈమెయిల్ రావాలన్న రూల్ 2024 ఏప్రిల్ నుంచి ఉంది. ఆ మెసేజ్‌ను స్పామ్ అనుకుని తుడిచేయకండి. తేడా ఉంటే వెంటనే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున వాళ్లే మీకివ్వాలి.

ఈ వీకెండ్ ఒక రిపోర్ట్ తెరిచి నేరుగా ఎంక్వైరీల పేజీకి వెళ్లండి. అక్కడున్న ప్రతి పేరూ మీకు గుర్తుందా?