పరీక్షకు నిలిచిన మందేది?

కొవిడ్ తొలి నెలల్లో రోగులకు ఇచ్చిన మందుల్లో చాలావాటికి నమ్మకమే ఆధారం. మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను దేశాధినేతలే పొగిడారు. ఆ నమ్మకాల నిగ్గు తేల్చింది పేరుమోసిన వైద్యుల అనుభవం కాదు. రోగులను లాటరీ పద్ధతిలో వర్గాలుగా విడదీసి, ఫలితాలను పోల్చి చూసిన క్లినికల్ ట్రయల్స్. బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2020 మార్చిలో మొదలుపెట్టిన రికవరీ ట్రయల్, జూన్‌లోనే రెండు సంగతులు తేల్చేసింది. హైడ్రాక్సీక్లోరోక్విన్ మరణాలను తగ్గించలేదు. చవకగా దొరికే పాత స్టెరాయిడ్ డెక్సామెథాసోన్ తగ్గించింది. వెంటిలేటర్ మీదున్నవారిలో 28 రోజుల లోపు మరణాలు మామూలు చికిత్సతో 41.4 శాతం కాగా, ఈ మందు తోడైనప్పుడు 29.3 శాతం. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం మేలు జరగలేదు సరికదా, కీడు జరగవచ్చన్న అనుమానమూ మిగిలింది. ఇంతటి తేడాను ఒక వార్డులో నలుగురు రోగులను చూసి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

ప్రాణం మీదికి వచ్చినవాడి విషయంలో లాటరీ ఏమిటన్న అభ్యంతరం సహజమే. మందు పనిచేస్తుందని తెలిసీ ఇవ్వకపోతే అది దారుణం. తెలియనప్పుడు మందు అందనివాడు నష్టపోయాడని ఎలా అంటాం? అతనికీ మామూలు చికిత్స అందుతూనే ఉంటుంది. ట్రయల్ లేకుండా అందరికీ ఇచ్చేసినా అది ప్రయోగమే, కాకపోతే ఫలితం ఎక్కడా నమోదు కాదు.

ఇదంతా సంపన్న దేశాలకే సాధ్యమన్న వాదనకు మన దేశంలోనే జవాబుంది. కోలుకున్నవారి ప్లాస్మాపై భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 ఏప్రిల్, జూలై నెలల మధ్య 39 ఆస్పత్రుల్లో 464 మందితో ప్లాసిడ్ ట్రయల్ జరిపింది. జబ్బు ముదరడమో, మరణమో సంభవించింది ప్లాస్మా ఎక్కించినవారిలో 19 శాతం మందికి, ఎక్కించనివారిలో 18 శాతం మందికి. అంటే ప్రయోజనం లేనట్టే. అక్టోబరులో ఆ ఫలితాలు అచ్చయ్యాయి కూడా. అయినా జాతీయ చికిత్సా మార్గదర్శకాల నుంచి ప్లాస్మాను తీసేసింది 2021 మేలో, రెండో వేవ్ ఊళ్లకు ఊళ్లను ముంచెత్తాక! అప్పటిదాకా రోగుల బంధువులు దాతల కోసం సోషల్ మీడియాలో వేడుకుంటూనే ఉన్నారు. ఒక్క ట్రయల్‌తో నిర్ణయం తగదు, మరిన్ని ఫలితాలు రానివ్వాలన్న జాగ్రత్తను కాదనలేం. కానీ ఆ జాగ్రత్త మందును వాడమనే ముందు ఉండాలి, ఆపేటప్పుడు కాదు. మార్గదర్శకాల్లో చేర్చే ప్రతి ప్రయోగాత్మక చికిత్సకూ సమీక్ష గడువును అప్పుడే ప్రకటించే నిబంధనను కేంద్ర ఆరోగ్య శాఖ మరో మహమ్మారి రాకముందే తేవాలి.